బొల్లిగాడి మీద అన్న మాట

కోస్గి దగ్గర మా పల్లె,
10 డిసెంబర్ 2023.

సుస్మిత బిడ్డకు నీ మేనమామ కురుమయ్య రాసేది.

ఏడేండ్ల నుంచి ఒక మాట నా చెవిలో ముల్లు లెక్క దిగి ఉన్నది. ఇయ్యాల బయటికి తీస్తున్నాను. ఆ మాట అన్నది మీ అన్న పరశురాములు. మీ ఇంట్లో ఒక్కరూ నన్ను అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను.

ఆ యేడు వానలు విడవకుండా పడి గొర్లకు మూతివాపు రోగం వచ్చింది, యాదికున్నదా? నువ్వు అప్పుడు ఇంకా చదువుకుంటున్నావు. నా మంద కండ్ల ముందే ఊడ్చుకపోయింది. అన్నిటికన్నా ఆఖరికి బొల్లిగాడు పోయాడు. మొఖం నుంచి మెడ దాకా తెల్ల మచ్చ ఉన్న పొట్టేలు, మందకు ముందు నడిచేవాడు. నేను దగ్గితే ఆగేవాడు, లేస్తే లేచేవాడు. వాడు పోయినంక నేను దొడ్డి ముందర గొంగడి కప్పుకొని, మొఖం లోపలికి పెట్టుకొని కూర్చున్నాను. మీ అన్న జేసీబీ తోలుకొచ్చి గొర్లను బొందపెట్టాడు. పొద్దుగూకే యాళ్ళకు నా దగ్గరికి వచ్చి, మన్ను చేతులతోనే నా భుజం మీద తట్టి ఏమన్నాడో తెలుసా?

"లైట్ తీస్కో మామా. గివన్ని కామన్."

గంతే. బండి ఎక్కి పోయాడు. నా అంగీ మీద మన్ను మరక మిగిలింది.

మీ అత్త పోయినంక ఆ ఇంట్లో నా మాట విన్న ప్రాణాలు ఆ గొర్లే బిడ్డా. అవి పోయిన రోజు లైట్ తీసుకోమంటే ఎట్ల తీసుకోవాలె? తీసుకొని ఎక్కడ పెట్టుకోవాలె? "అయ్యో మామా" అని ఒక్క మాట అననీకి వాని నోటికి ఏమైంది? ఊరందరూ అన్నారు, పరాయోళ్ళు అన్నారు. నేను ఎత్తుకొని తిప్పిన అల్లుడు అనలేదు.

ఇప్పుడు నీ పెండ్లి కుదిరిందట. నాకు ఎట్ల తెలిసిందో విను. మా ఇంటి పక్క ఎల్లేశం ఫోన్ పట్టుకొని ఉరికొచ్చి, "కురుమన్నా, నీ కోడలి కార్డు వచ్చింది, సూడు" అని నా ముక్కు ముందర పెట్టాడు. నేను వేలు పెట్టి చదవబోతే కార్డు పోయి ఎవరో పిల్ల ఎగిరే బొమ్మ వచ్చింది. గదేనా మేనమామను పిలిచే తీరు?

మన ఇంటి పద్ధతి నీకు తెలియదేమో, చెప్తాను. మేనమామ గొంగడి పరిస్తేనే పిల్ల పెండ్లిల కూర్చుంటది. ఆ గొంగడి మేనమామను అడగొద్దు, వాడే తేవాలె. మేనమామ మాత్రం పిలవనిదే రావొద్దు. ఇంటి మగపిల్లగాడు మనిషిగా వచ్చి, నుదుట బొట్టు పెట్టి పిలవాలె. మీ అమ్మ పెండ్లికి మా మామను నేనే పోయి పిలిచిన. అందుకని తెలియజేయునది ఏమనగా, నేను రాను.

ఫోన్ చేయకు. ఫోన్ ఎత్తగానే మీరంతా "ఇంకేంది మామా" అంటారు. నేను ఇంకా మొదలే పెట్టను, మీకు అప్పుడే అయిపోతది. ఆనక "సరే మామా, ఉంటా" అంటారు. ఉంటా అన్నోడు ఉంటాడా, పోతాడు. కాయితమైతే మధ్యల పెట్టేయనీకి రాదు.

రాత్రిబడిలో పంతులు నేర్పిన భాషలో రాస్తున్నాను. ఉత్తరం అంటే మర్యాద. నోటితోనైతే ఇంకో తీరు ఉండేది.

ఇట్లు, 
కోపం తగ్గని నీ మేనమామ
కురుమయ్య


నకిరేకల్,
19 డిసెంబర్ 2023.

మామకు సుస్మిత దండాలు.

నీ ఉత్తరం నేను పనిచేసే దవాఖానకే వచ్చింది. చిట్టీలు రాసే బల్ల మీద పెట్టి పోస్టాయన అడిగాడు, "ఏందమ్మా, బ్యాంకోళ్ళు కాకుండ మనుషులు కూడా రాస్తున్నరా?" అని. మా డాక్టరమ్మ కూడా చేతిరాత చూసి వెళ్ళింది. అందరి ముందు చదవలేక ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. బొల్లిగాడి దగ్గరికి వచ్చినప్పుడు కొంగుతో కండ్లు తుడుచుకుంది. మళ్ళీ తానే, "మా అన్నకు గొర్లు పోయిన దుఃఖం ఒకపాలు, మాటపడ్డ దుఃఖం మూడుపాలు. సిన్నప్పటి సంది గంతే" అన్నది. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు గడప దాటనిస్తలేవు. లేకుంటే రెండు బస్సులు మారైనా నీ దగ్గరికి వచ్చేదాన్నని చెప్పమన్నది.

అన్నకు పని భువనగిరి దిక్కు దొరికింది, వారానికొకసారి ఇంటికి వస్తాడు. నీ ఉత్తరంలోని మాట చెప్పాను. "నేను గట్లన్ననా?" అన్నాడు. అన్నం కలుపుతూ, "అనే ఉంట" అన్నాడు. పళ్ళెంలో అన్నం అట్లనే పెట్టి లేచిపోయాడు.

మామా, ఆ మాట తిట్టు కాదు. మా ఈడు వాళ్ళందరం అంటాం. పరీక్ష పోతే లైట్, బస్సు పోతే లైట్, కుదిరిన సంబంధం తప్పిపోతే కూడా లైట్. నాకు మొదట చూసిన సంబంధం తప్పినప్పుడు నా దోస్తులు అందరూ అదే అన్నారు. వేరే మాట ఎవరికీ రాలేదు. నేను బాగున్నట్టే నవ్వాను.

కార్డు సంగతి నా తప్పే. అందరికీ ఒకేసారి పంపినప్పుడు ఎల్లేశం మామ నెంబరు కూడా అందులో ఉన్నది. నిన్ను పిలవడం కాదు అది.

నువ్వు రానని రాసినావు. ఏడేండ్ల కోపం ఉన్న మనిషిని నా పెండ్లి కోసమని బలవంతపెడితే బాగుండదు, పెట్టను. నీ కండ్లకు పొర కమ్మిందని ఎల్లేశం మామ చెప్పాడు. ఇంత దూరం ప్రయాణం కూడా నీకు కష్టమే. గొంగడి గురించి నువ్వేం టెన్షన్ పడకు. ఇక్కడ దుకాణంలో దొరుకుతున్నాయి, ఒకటి చూసి పెట్టాను. పెండ్లి ఫిబ్రవరి 18, ఆదివారం. అక్కడి నుంచే నన్ను దీవించు.

నీ కోడలు
సుస్మిత


మా పల్లె,
2 జనవరి 2024.

సుస్మితకు కురుమయ్య రాసేది.

దుకాణం గొంగడి! చదివి కాయితం కింద పెట్టి, బయటికి పోయి, కోడిని అదిలించి, మళ్ళీ వచ్చి చదివాను. అదే ఉన్నది. కురుమోళ్ళ ఇంట్లో పుట్టిన పిల్ల, మేనమామ బతికుండంగా, దుకాణంల గొంగడి కొంటదట. ఆ గొంగడిల ఉన్ని ఎంతో, నైలాన్ ఎంతో అమ్మేవాడికి కూడా తెలియదు.

పైన ఇంకో మాట. టెన్షన్ పడకు! మీ దేశంలో ఈ మాట ఎవడు అమ్ముతున్నాడో నాకు ఒక్కసారి చూపించు. మొన్న కంటి దవాఖానకు పోయాను. తెల్ల కోటు పిల్లగాడు కంట్లో లైటు కొట్టి "టెన్షన్ పడకు పెద్దాయన, ఏం కాదు" అన్నాడు. నేను ఇంకా ఏమైందో అడగనే లేదు. పింఛను కాడికి పోతే "సర్వర్ డౌన్ పెద్దాయన" అన్నాడు ఇంకొకడు. ఎప్పుడు లేస్తదయ్యా అంటే "రెండు నిమిషాలు" అన్నాడు. ఆ రెండు నిమిషాల్లో గొర్రె ఈని, పిల్ల లేచి పాలు తాగేది. ఎల్లేశం కొడుకును నా రేడియో బాగు చెయ్యరా అంటే "గంత సీన్ లేదు తాతా" అని నవ్వాడు. ఎవరిని ఏం అడిగినా ఒక తయారు మాట నా చేతుల పెట్టి పక్కకు జరుగుతున్నారు. నేను ఆ మాట పట్టుకొని ఇంటికి వస్తున్నాను. ఇంట్లో దానితో ఏం చెయ్యాలె?

నేను టెన్షన్ పడలేదు సుస్మితా. ఎదురుచూసిన. రెండూ ఒకటి కావు.

ఇంత దూరం వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా రాస్తున్నాను. మీ అమ్మకు కూడా చెప్పని మాట ఇది. మందను నడిపిన పొట్టేలు చస్తే దాన్ని అన్నిటితో కలపరు. వేరే జాగాల, చేతులతో తవ్వి, గొంగడి కప్పి, తల తూర్పుకు పెట్టి, తలకాడ రాయి పాతుతారు. మా తాత చేసిండు, మా నాయిన చేసిండు. నేను చేయలేకపోయిన. నా కాళ్ళు లేవలేదు ఆ రోజు. తెల్లారి లేచి చూసేసరికి గొర్లను పూడ్చిన మా చెల్క అంతా సాపుగా ఉన్నది. మీ అన్న మిషన్ తోటి నా బొల్లిగాన్ని కూడా అన్నిటితో కలిపి ఒక్క బొందల తోసిండు. ఎక్కడున్నాడో కూడా నాకు తెలియదు. ఆ చెల్క దిక్కు నేను మళ్ళీ పోలేదు. కౌలుకు ఇచ్చిన.

అట్ల తోసి, వచ్చి, లైట్ తీస్కో అన్నాడు. ఇప్పుడన్న అర్థమైందా?

నువ్వు నీ దుకాణం గొంగడి మీదనే కూర్చో. నాకు జవాబు రాయకు.

కురుమయ్య


నకిరేకల్,
21 జనవరి 2024.

మామకు సుస్మిత రాసేది.

జవాబు రాయకు అన్నావు. రాస్తున్నాను. నువ్వు రానన్నప్పుడు నేను నమ్మాను, దాని ఫలితం చూశాం కదా. ఇక నుంచి నీ "వద్దు"లు నమ్మను.

నీ ఉత్తరాన్ని మొన్న రాత్రి అన్నం తిన్నాక అన్నకు చదివి వినిపించాను. అమ్మ మంచం మీద ఉంది, అన్న గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. చెల్క సాపుగా ఉన్నదని నువ్వు రాసిన దగ్గరికి రాగానే ఆపమన్నాడు.

"బొల్లిగాన్ని నేను కలపలే" అన్నాడు.

అమ్మ లేచి కూర్చుంది. "ఏం జేసినవ్ రా మరి?"

"మామకు వాడంటే ఎంతనో నాకు తెల్వదా అమ్మా? సెలవులల్ల మామ ఎంబడి మందకు పోయేటోన్ని నేను. ముందుగాల వాన్ని పక్కకు తీసి పెట్టిన. చెల్క ఆఖరుకు తుమ్మచెట్టు లేదా, దాని కింద పార తోటి తవ్విన. మిషన్ పెట్టలే. కప్పుదామంటే పెద్ద గొంగడి లేదు. నా సీటు మీద పరుసుకునే చిన్న గొంగడి ఉండె కదా, నాకు సిన్నప్పుడు మామ ఇచ్చింది, గదే కప్పిన. తూర్పుకే పెట్టిన తల. రాయి కూడా పాతిన."

"ఇన్నేండ్లు చెప్పకపోతివేందిరా?" అని అమ్మ అరిచింది.

"చెప్దామనే పోయిన. మామ గొంగడిలకెళ్ళి మొఖం తీసి నన్ను జూసిండు. గా మొఖం జూసేసరికి నేను చెప్పాలనుకున్నదంత పోయింది. నోట్లకెళ్ళి గా మాట వచ్చింది. అన్నంక నాకే తెలిసింది, తప్పు పడ్డదని. మామ అటు దిక్కు తిరిగిండు. ఇగ ఏమని చెప్పాలె? చేసింది చెప్పుకుంటే చేసిన పనికి మంచి మాట అడిగినట్టు ఉంటదని బండెక్కిన."

మామా, నేను ఏం పెంచి రాయలేదు. అన్న ఎట్ల అన్నాడో అట్లనే రాశాను.

దవాఖానలో నా పని నీకు తెలియదు కదా, చెప్తాను. పొద్దంతా బల్ల వెనుక కూర్చొని నేను అనేవి రెండే మాటలు. "రెండు నిమిషాలు కూర్చోండి." "టెన్షన్ పడకండి, ఏం కాదు." పోయిన నెల జానమ్మ అని ఒకామె భర్తను ఆటోలో తీసుకొచ్చింది. డాక్టరమ్మ చూసి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నది. నేను అలవాటుగా "టెన్షన్ పడకమ్మా, ఏం కాదు" అన్నాను. ఆయన దారిలోనే పోయాడు. కాయితాల కోసం ఆమె మళ్ళీ వచ్చినప్పుడు నా దిక్కు చూసిన చూపు నేను మరచిపోలేదు. నీ ఉత్తరం చదివితే ఆ చూపు ఎక్కడిదో తెలిసింది. ఇప్పుడు అట్లాంటి వాళ్ళు వస్తే బల్ల ఇవతలికి వచ్చి పక్కన కూర్చుంటున్నాను. ఏమనాలో ఇంకా తెలియదు.

దుకాణం గొంగడి నీ చేతికి బరువు కాకూడదని కొన్నాను. నువ్వు వద్దన్నావని కొన్నాను. నువ్వు పరవకుంటే అది నాకు చాప కంటే ఎక్కువేం కాదు.

నిన్ను పిలవడానికి పొమ్మని అన్నను అడిగాను. భయపడుతున్నాడు. అంత పెద్ద మిషన్ తోలేవాడు, "పోయి ఏమనాలె సుస్మీ? మల్ల ఏదన్న తప్పు మాట వస్తే?" అంటున్నాడు. పోతానని అనలేదు, పోనని కూడా అనలేదు. పెండ్లి దగ్గరపడుతున్నది. నేను నీకు రాయడం తప్ప ఏం చెయ్యాలో తెలియడం లేదు.

నీ కోడలు
సుస్మిత


మా పల్లె,
1 ఫిబ్రవరి 2024.

సుస్మిత బిడ్డకు మేనమామ కురుమయ్య రాసేది.

ఉత్తరం అందింది. పంతులు భాష ఇయ్యాల నాకు వస్తలేదు. వచ్చినట్టు రాస్తున్న.

చదివిన పొద్దే చెల్కకు పోయిన. కట్టె పట్టుకొని ఒక్కన్నే పోయిన. దారి మాసిపోయింది, కంప పెరిగింది, కండ్లు సరిగ ఆనవు. కౌలుకు చేసేటోడు పత్తి పెట్టిండు. ఆఖరుకు తుమ్మ ఉన్నది. దాని కింద దున్నలే, గంత జాగా విడిచిపెట్టిండు. ఎందుకు విడిచినవయ్యా అని ఆనక అడిగితే, "జేసీబీ పరశురాములు నాకు చెప్పిండు, గీ రాయి కాడికి నాగలి రానియ్యకని. నీకు తెల్వదా?" అన్నడు. నాకు తెల్వదు. ఊర్ల ఉన్నోనికి తెలుసు, నాకు తెల్వదు.

చేతులతోని తడిమిన. రాయి దొరికింది. ఇటుకపెళ్ళ కాదు, వాగుల నున్నటి రాయి. ఎంత దూరంకెళ్ళి మోసుకొచ్చిండో. పొద్దు ఎటు పొడుస్తదో చూసుకొని లెక్క కట్టిన. తలకాడి రాయి తూర్పు దిక్కే.

ఆడ కూసున్న. బొల్లిగానికి చెప్పేటియి మస్తు ఉండె. నీ పెండ్లి సంగతి చెప్పిన. నా కండ్ల సంగతి చెప్పిన. రేడియో పలుకుత లేదని చెప్పిన. వాడు ఎప్పుడూ ఇంకేంది అననోడు.

ఎల్లేశం నన్ను దేవులాడుకుంట వచ్చిండు. "ఏంది కురుమన్నా, ఒక్కనివే గీడ కూసున్నవ్? ఏమైంది?" అన్నడు. ఏమైందో చెప్పాలంటే ఏడేండ్లు చెప్పాలె. కొంగు లేదు, తువ్వాలతోని మొఖం తుడుసుకొని "ఏం లేదు తియ్యి" అన్న. గా మాట నా నోట్లకెళ్ళే వచ్చింది బిడ్డా. రెండు అడుగులు నడిచినంక నాకు నవ్వొచ్చింది. ఎల్లేశం నాకు పిచ్చి లేసిందనుకున్నడు.

మీ అన్న ఆ రోజు మన్ను చేతులతోని నా భుజం తట్టిండని నేనే నీకు రాసిన. మిషన్ తోలేటోని చేతులకు మన్ను ఎందుకుంటది? గీ మాట నాకు ఇన్నేండ్లు తట్టలే. మాట ఇన్న, చెయ్యి చూడలే.

ఇగ గొంగడి సంగతి. నీ గొంగడి తయారై పెట్టెల ఉన్నది. బొల్లిగాని మందకు రోగం రాకముందు కత్తిరించిన బొచ్చు అది. యాపాకు వేసి దాచిపెట్టి, నేనే వడికిన, మా ఊరి గోపయ్య నేసి ఇచ్చిండు. అంత నల్లగ ఉంటది, అంచుకు ఒక్క తెల్ల చార ఉంటది. ఆ చార బొల్లిగాని బొచ్చు. నువ్వు పుట్టినప్పటి సంది పరిచేది నేనే అనుకున్న, అందుకే నీకు చెప్పలే. అడగకముందే తేవాలె కదా. దుకాణం గొంగడిని ఆ జానమ్మకు ఇయ్యి. చలి ఇంకా పోలే.

ఇప్పుడు నా మాట బాగ విను. పరశురాములుకు చదివి వినిపించు, ఒక్క అక్షరం విడవకు.

అల్లుడా, మాట దొరకదని భయపడుతున్నవట. మాట నాకు అక్కరలేదు. మీ అమ్మ చేతిలకెళ్ళి బొట్టుపెట్టె తీసుకో. బస్సుల రా, మిషన్ మీద రా, నీ ఇష్టం. వచ్చి నా నుదుట బొట్టు పెట్టి నా పక్కన కూసో. నువ్వేమనకు, నేనేమనను. తుమ్మ కాడికి పోదాం. నాకు అది సరిగ కనబడదు, నువ్వు చెయ్యి పట్టుకొని చూపియ్యాలె, ఎక్కడ తవ్వినవో, ఎట్ల పండవెట్టినవో. ఆడికి పోయినంక నీ నోట్లకెళ్ళి మల్ల లైట్ తీస్కో మామా అని వస్తే రానియ్యి. తిడుతా. తిట్టి ఏడేండ్లయింది నిన్ను.

సుస్మితా, ఫిబ్రవరి 11 ఆదివారం. నీ పెండ్లికి వారం ముందు. ఆ పొద్దుగూకే లోపల నాకు జవాబు రావాలె. కాయితం వద్దు, ఎల్లేశం ఫోన్ల కార్డు వద్దు, వాడే జవాబుగ రావాలె. రాకపోతే ఆ గొంగడి ఎల్లేశం బర్రె మీద కప్పుతా, నీ మీద ఒట్టు. పొద్దున్నే అరుగు ఊడ్చి కూసుంటా. పక్కకు జరిగి జాగా ఉంచుతా.

వస్తడా, రాడా? ఆదివారం తేల్చాలె.

ఇట్లు,
నీ మేనమామ
కురుమయ్య